పదిహేనో బొట్టు

ఆరుద్ర కార్తె, రెండో రోజు

నువ్వన్నది తప్పు, సంపంగీ. మీ నాన్న ఇంజను ఆగిపోయి పడలేదు. ఇంజను తనే ఆపుకున్నాడు. నా కొట్లో ఆముదం పోసుకుని లేచిన ఇంజను దానంతట అది ఆగడం ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారీ జరగలేదు. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని "నూనెలో ఏటైనా తేడా వొచ్చిందేమో మామ్మా" అని నువ్వు గొణిగినప్పుడు నేనేమీ అనలేదు. నోట్లో ముద్ద ఉంది కనక. లేకపోతే అనేదాన్నే.

మృగశిర ఏడో రోజున గవరయ్య కాపలా దిబ్బ మీద దుర్భిణి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నా కొడుకు విమానం ముక్కు కిందికి పెట్టి రాలేదనీ, గద్ద వాలినట్టు చప్పుడు లేకుండా, ఒరగకుండా ఊటబయలు వైపు దిగిందనీ చెప్పాడు. చేయి బయట ఉందో లేదో అంత దూరం నుంచి ఆనలేదట. ఆ తర్వాత శిఖరం అడ్డొచ్చింది. ఇంజను ఆపి, కుడిచేయి బయటపెట్టి దిగితే ఓడిపోయానని చెప్పడం. అలా దిగినవాడి మీద తుపాకీ ఎత్తకూడదు. మబ్బుల కోసం కొట్టుకునే ఏ కొండవాళ్ళకైనా ఈ ఒక్క విషయంలో తేడా లేదు.

మీ నాన్నని పడగొట్టిన ఎండకొండ లోకనాథం మూడోనాడు మన మైదానం మీద జారవిడిచిన ఉత్తరంలో మాత్రం "మీ అబ్బాయి మార్కండేయులు గాలిలోనే ప్రాణం విడిచాడు. నొప్పి తెలిసి ఉండదు" అని ఉంది. చక్కని దస్తూరి. అక్షరాలు అంత గుండ్రంగా తిప్పేవాణ్ణి నేను బళ్ళో ఎప్పుడూ నమ్మలేదు.

ఇది నూనెకొట్టు రోజువారీ పుస్తకం. ఇందులో రాయాల్సినవి వేరు. కానీ నీతో మాట్లాడబోతే పోట్లాటవుతోంది. రాస్తే మధ్యలో అడ్డు రావు. పెద్ద మెరుపుకి ముందు మనుషులు అరచేతిలో గాజు పలకలు పెట్టుకుని ఒకే ఇంట్లో పక్కపక్క గదుల్లోంచి ఇలాగే రాసుకునేవారట. పలకలన్నీ ఒక్క పూటలో చచ్చిపోయాయి గానీ ఆ జబ్బు పోలేదు.

ఐదో రోజున లోకనాథం మనింటికి భోజనానికి వస్తాడు. పడగొట్టినవాడు పదమూడో రోజున తుపాకీ లేకుండా వచ్చి, పోయినవాడి వస్తువులు అప్పగించి, ఆ ఇంట్లో ఒక ముద్ద తినాలి. మనం పెట్టాలి. వాడి విమానం కడిగి, చిరుగులుంటే అతికి, ట్యాంకు నిండా నూనె పోసి సాగనంపాలి. ఈ ఆచారం పెట్టినవాళ్ళెవరో గానీ వాళ్ళకి కొడుకులు లేరని నా అనుమానం.

ఇంతవరకూ నేను ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది నీ సంగతి. భోజనమయ్యాక చేతులు కడిగేటప్పుడు చనిపోయినవాడి బిడ్డ పోటీకి పిలవచ్చు. నువ్వు పిలుస్తానని ఊరంతా చాటావు. వాడి విమానం తోక మీద, పడగొట్టినవాడికొకటి చొప్పున పద్నాలుగు కుంకుమ బొట్లున్నాయి, మీ నాన్నతో పదిహేను. నువ్వు ఎగిరింది మొత్తం పదకొండు గంటలు.

నాకు వాడు చావాలి. నువ్వు బతకాలి. ఈ రెండూ ఒకే రోజు ఎలా జరుగుతాయో ఆలోచిస్తూ ఇవాళ ఉప్పు నూరాను. వాన కురవడానికి మబ్బు మీద చల్లాల్సిన పొడి మైదాపిండిలా ఉండాలి. నా కోపానికి విభూదిలా వచ్చింది.

ఆరుద్ర కార్తె, నాలుగో రోజు

పొద్దున్న నువ్వు దిగగానే షెడ్డులోకి వచ్చాను. ఇక్కడ రాయకపోతే ఆ మాటలు నువ్వు వేరేలా గుర్తుపెట్టుకుంటావు.

"ఏటయింది?" అన్నాను.

"ఏటీ కానేదు."

"పంకాకి రెండు చిల్లులున్నాయి."

"మన తుపాకే మామ్మా. పంకా తిరిగే సందులోంచి గుండు ఎల్లాల గదా, ఒకోసారి తప్పతాది. ఇనప రేకు ఏసినాం, అయినా…"

"మనదేనని నాకూ తెలుసు. లోకనాథం నీ పంకాని కొట్టాలంటే నీకు ఎదురుగా రావాలి. వాడు ఎండని వీపున వేసుకుని వెనకనుంచి వస్తాడు. అంటే ఇప్పటికి నిన్ను కాల్చినదానివి నువ్వొక్కదానివే."

గవరయ్య మూతి అటు తిప్పుకుని నవ్వాడు. ఇంజన్లు విప్పి బిగించడంలో ఈ తీగమెట్ట మీద అతన్ని మించినవాడు లేడు. నవ్వు దాచుకోవడం మాత్రం రాదు.

నీ ఎడమ రెక్క కింద జానెడు గుడ్డ లేచిపోయింది. నిటారుగా దూకావన్నమాట. చింతగింజల జిగురు వానకారులో ఎండడానికి రెండు పూటలు పడుతుంది. ఎండకముందే దూకితే నా నేత కాదు, ఇంద్రుడి పట్టుపంచైనా లేచిపోతుంది. అదే చెప్పాను. నువ్వేమన్నావో రాస్తున్నాను చూసుకో.

"మా నాన్నని సంపినోడు మన పీట మీద కూకోని గారెలు తినెల్లిపోతాడు. నువ్వు వొడ్డిస్తావు. ఎవులో ఒకలు ఏదో ఒకటి సెయ్యాల గదా!"

ఎదవదానా, నేను చెయ్యనని ఎవరు చెప్పారు నీకు?

పైకి అనలేదు. ఏం చెయ్యాలో అప్పటికి నాకూ తెలియదు. అందుకని "జిగురు కలుపు, ఉండలు కట్టకుండా" అన్నాను. నువ్వు కలిపావు. ఉండలు కట్టింది.

ఆరుద్ర కార్తె, ఐదో రోజు, భోజనాలయ్యాక

వాడు అరుగు మీద కునుకు తీస్తున్నాడు. శత్రువు ఇంట్లో గురక పెట్టి నిద్రపోగలిగాడంటే మన ఆచారం మీద వాడికెంత నమ్మకమో. లేదా నా వయసు మీద. నువ్వు కోపంగా పై మైదానానికి తుపాకీ సరిచూసుకోడానికి వెళ్ళిపోయావు. నా మోకాళ్ళు అంత దూరం ఎక్కలేవు. కూర్చుని రాస్తున్నాను. త్వరగా రాయాలి.

వాడు దిగగానే బొట్లు చూశాను. అన్ని బొట్లతో ఆ తోకని మించిన ముత్తైదువ ఈ కొండల్లో లేదు. పద్నాలుగు బొట్లు రేగుపండంత ఉన్నాయి. పదిహేనోది అప్పడమంత. ఓడినవాడి విమానం గుడ్డ చదరంగా కోసి తన విమానానికి అతికి, దాని మీద బొట్టు పెట్టుకోవడం వాళ్ళ పద్ధతి. అతికిన గుడ్డ అంచు చూశాను. రెండు నీలం పోగులు, ఒక పసుపు పోగు. నా మగ్గం అంచు.

"అదొక్కటే అంత పెద్దదేమిటి నాయనా?" అన్నాను.

"మీ అబ్బాయి మామూలోడు కాడమ్మగారూ. పెద్ద వీరుడికి పెద్ద బొట్టు" అన్నాడు. ఎంత గౌరవం! పెళ్ళిచూపులకి వచ్చినవాడు కూడా అంత వంగి మాట్లాడడు. మార్కండు కళ్ళద్దాలు, తోలు టోపీ, నడుం బెల్టు గుడ్డలో చుట్టి రెండు చేతులతో ఇచ్చాడు. కళ్ళద్దాలు పగల్లేదు. టోపీ మీద గీత లేదు. గాలిలో ప్రాణం విడిచి కొండకి గుద్దుకున్న మనిషి కళ్ళద్దాలవి. నేను వాటిని కళ్ళకద్దుకుని లోపల పెట్టాను.

గారెలు ఏడు తిన్నాడు.

"ఎంత బాగున్నాయమ్మగారూ! మా కాడ ఇంత కమ్మగా రావు. ఏం నూనె?"

"వేరుశనగ. నిన్ననే ఆడించాం."

"అదీ! ఆ వాసనే వేరు."

చేతుల మీద నీళ్ళు పోసింది నువ్వే. "ఎల్లుండి పొద్దున్న, కనుమ మీద. నువ్వూ నేనూ" అన్నావు.

"ఎన్ని గంటలు ఎగిరావు పాపా?"

"పదకొండు."

"నా కళ్ళద్దాలు ఇంతకన్నా ఎక్కువ ఎగిరాయి." తుండుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు. "సరే, నీ ఇష్టం. పదహారోదానికి చోటుంచానులే."

నువ్వు వెళ్ళిపోయాక ఆచారం ప్రకారం వాడి విమానం కడగడానికి నేను వెళ్ళాను. ఇంట్లోవాళ్ళే కడగాలి, అతిథి అటు తిరిగి చూడకూడదు. చూస్తే మనల్ని అనుమానించినట్టు. వాడు చూడలేదు. అరుగు మీద వెల్లకిలా పడుకున్నాడు.

కుంకుడు రసం పెట్టి తోక తోమాను. పద్నాలుగు బొట్లూ నూనెలో నూరి పెట్టినవి, చెక్కుచెదరలేదు. పదిహేనోది ఆదరాబాదరాగా ఎర్రమట్టితో అలికారు. గుడ్డతో రెండుసార్లు రుద్దేసరికి ఎర్రనీళ్ళు కారాయి. కింద చిల్లు. చిల్లుకి మాసిక. చిల్లు చుట్టూ నల్లగా, గుండ్రంగా, తూటా మందు మసి.

నేను రెక్కలకి గుడ్డ నేసేదాన్ని మాత్రమే కాదు, బళ్ళో పిల్లలకి గాలిలెక్కలు చెప్పినదాన్ని. ఆ మసి అర్థం కావడానికి లెక్క కూడా అక్కర్లేదు. గాలిలో ఎంత దగ్గరికొచ్చినా రెండు విమానాల మధ్య యాభై బారలుంటుంది. అంత దూరం నుంచి వచ్చే గుండు గుడ్డకి చిల్లు పెడుతుంది గానీ మసి అంటించదు. మసి అంటాలంటే మూరెడు దూరంలోంచి కాల్చాలి. ఆ ముక్క ఎక్కడిదో కూడా చెప్తాను. మసి పక్కనే చిన్న వేపాకు కుట్టి ఉంది. మీ నాన్న మొదటిసారి ఎగిరిన రోజున సీటు పక్కన, కుడి మోచేతి దగ్గర నేనే కుట్టాను. ఆ తర్వాత గుడ్డ మార్చిన ప్రతిసారీ కుట్టాను.

వాడు చేయి బయటపెట్టి దిగాడు సంపంగీ. బయలులో సీట్లో కూర్చునే ఉన్నాడు. ఈ ఏడు గారెల మనిషి పక్కనే దిగి, నడిచొచ్చి, ఆ చేతి పక్కనుంచి కాల్చాడు. తర్వాత గొప్ప కోసం అదే గుడ్డ కోయించుకున్నాడు. మసి కనపడేసరికి అప్పడమంత బొట్టు పెట్టాడు. ఇంకో ముక్క కోసుకుని ఉంటే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. కానీ పడినవాడి సీటు పక్క గుడ్డే కోసుకోవాలి, అదే వాళ్ళకి మర్యాద. ఆ మర్యాదే దొరికించింది.

ఏడవలేదు. ఎర్రమట్టి నానబెట్టి బొట్టు మళ్ళీ యథాతథంగా పెట్టాను. చెయ్యి తిరిగినదాన్ని, వాడు పెట్టినదానికన్నా గుండ్రంగా వచ్చింది.

ఇక మిగిలింది నూనె పొయ్యడం. ఆముదం కాగినా చిక్కగానే ఉంటుంది, అందుకే ఇంజన్లకి అదే పోస్తాం. వేరుశనగ నూనె గారెలకి మంచిది. ఇంజను వేడికి నీళ్ళలా పల్చబడి, మాడి, బంకవుతుంది. వాడి ట్యాంకు అడుగున ఇంకా ఆముదం ఉంది. అది పది నిమిషాలు కాపాడుతుంది. మరో పది నిమిషాలకు ఇంజను బిగుసుకుంటుంది. ఇరవై నిమిషాలకి వాడు ఎక్కడుంటాడో లెక్క వేశాను. ఇవాళ ఎదురుగాలి. రెండుసార్లు వేశాను. ఊటబయలు. చుట్టుపక్కల విమానం దిగగల చదును అదొక్కటే.

గవరయ్యకి చెప్పాను.

"అతిథి గదమ్మా" అన్నాడు.

"మా వాడు చేయి బయటపెట్టాడు గవరయ్యా."

మసి సంగతి అప్పుడు చెప్పాను. అతను లోపలికి వెళ్ళి వంటింట్లోంచి వేరుశనగ నూనె డబ్బా తనే మోసుకొచ్చాడు.

అదే రోజు, పొద్దుండగానే

పోశాను. ఆముదం డబ్బాలోకి మార్చి పోశాను. డబ్బా చుట్టూ ఏళ్ళ తరబడి పేరుకున్న జిడ్డుంది కనక వాసనకి లోటు లేదు. చేతులకీ కాస్త ఆముదం రాసుకున్నాను.

అంతా అయిపోయిందనుకుంటే వాడు సీట్లో కూర్చుని జేబులోంచి ఒక చెంచా తీశాడు.

"ఏమనుకోకండమ్మగారూ. ఆచారం కాదు, నా అలవాటు. ఎక్కడ నూనె పోయించుకున్నా పోసినవాళ్ళు ఒక చెంచా పుచ్చుకోవాలి. పెద్దవారు, మిమ్మల్ని అడగడం బాగోదు గానీ…"

"బాగోనిదేముంది నాయనా" అన్నాను. చెంచా నేనే నింపుకున్నాను.

నా చిన్నప్పుడు మా అమ్మ నెలకోసారి మమ్మల్ని వరసగా నిలబెట్టి ముక్కులు మూసి ఆముదం పట్టేది. అరవై ఏళ్ళయినా ఆ రుచి నాలిక మరవలేదు. ఈ చెంచాలో ఉన్నది మాత్రం వేడన్నంలో వేసుకోదగ్గ కమ్మటి నూనె. దాన్ని మింగి, నేను ఆముదం తాగిన మొహం పెట్టాను. కళ్ళు మూశాను, పెదాలు విరిచాను, భుజాలు ఒక్కసారి కుదిపాను. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. అవి ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నాయిలే.

వాడికి జాలేసింది. "పాపం! మజ్జిగ తాగండమ్మగారూ" అన్నాడు.

"తాగుతాను బాబూ. నువ్వు జాగ్రత్త."

గవరయ్య పంకా తిప్పాడు. ఇంజను అందుకుంది. మైదానం చివర దాకా దొర్లి, లేచి, మన ఇంటి మీద ఒక చుట్టు తిరిగి రెక్కలు ఊపాడు. నేను కొంగు ఊపాను.

పదిహేడో నిమిషాన గాలివాటున వాసన వచ్చిందని గవరయ్య దిబ్బ మీంచి కేకేశాడు. "గారెల వాసన అమ్మా!" అంత దూరం నుంచి వాసన రాదు, అతనికి ఉత్సాహం ఎక్కువ. కానీ వాడికి వచ్చే ఉంటుంది. సీటు ఎదురుగానే ఇంజను, ఆ పొగంతా మొహం మీదికే కొడుతుంది. భోజనంలో మెచ్చుకున్న వాసన. నూనె పేరు కూడా అడిగి తెలుసుకున్నాడు.

ఇరవై రెండో నిమిషాన తెల్లటి పొగ. ఆ వెంటనే పంకా ఆగింది. రెండు నిమిషాలు తప్పాను. ట్యాంకు అడుగున ఆముదం నేననుకున్నదానికన్నా కాస్త ఎక్కువే ఉంది.

"దిగతన్నాడమ్మా" అని గవరయ్య చెప్తూ పోయాడు. "ఊటబయలుకే. ఓలమ్మ! సెయ్యి బయట పెట్టీసినాడు! ఈ పక్కకి తిరిగి ఉన్నాడు, సెయ్యి బాగా అగుపడతంది."

జాలి వేసిందా అని అడుగుతావు. వేయలేదు. మీ నాన్న చేయి ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు సరిగ్గా తెలిసింది, అంతే.

నేనూ తప్పు చేశాను. అతిథి విమానంలో వేరే నూనె పోసిన చేయి మళ్ళీ కొట్టు తాళం పట్టుకోకూడదు. తాళం గవరయ్యకి ఇచ్చేశాను. ఈ రాత ఇక్కడితో ఆపి, పుస్తకం అతనితోనే నీకు పంపుతున్నాను. చదివాక కేకలు వెయ్యకు. చెప్పింది చెయ్యి.

తుపాకీ తీసుకెళ్ళకు. వాడి దగ్గరా లేదు. భోజనానికి తుపాకీ లేకుండా రావాలన్న ఆచారం ఒక్కటే వాడు పాటించాడు. చేయి బయటపెట్టినవాణ్ణి నువ్వు కాలిస్తే ఆ బయలులో మనమూ వాడూ ఒకటే అవుతాం. నాకు వాడు చావాలని రెండో రోజున రాశాను. మాట మార్చుకుంటున్నాను. బతకాలి. చాలాకాలం బతకాలి.

షెడ్డులోంచి పెద్ద కత్తెర తీసుకుని, ఆరుగురిని వెంటబెట్టుకుని వెళ్ళు. విమానం మీది గుడ్డంతా ఒలుచుకురా. రెక్కలు, తోక, సీటు పక్కలు. వెదురు బొంగులు వాడికే వదిలెయ్యి. చెప్పులూ మంచినీళ్ళూ ఇవ్వు. ఎండకొండకి రెండు రోజుల నడక. దారి ఉప్పు సంత మధ్యలోంచే. పోట్లాడకుండా విమానం పోగొట్టుకుని నడిచొచ్చినవాడికి వాళ్ళు మళ్ళీ రెక్క ఇవ్వరు. రెక్క లేనివాడు ఎల్లుండి కనుమ మీదికి రాలేడు. నువ్వు గెలిచినట్టే. ఏడుస్తావని తెలుసు, ఏడువు. పదకొండు గంటలకి ఈ మాత్రం గెలుపు చాలు.

తోక గుడ్డ మాత్రం వాడికన్నా ముందు సంతకి చేరాలి. అడ్డదారిన వెళ్ళు. మన కొండా వాళ్ళ కొండా కలిసి ఉప్పు కొనే చోట, తూకాల పందిరికి కట్టు. పదిహేనో బొట్టు మామూలు నీళ్ళకే పోతుంది. మసీ, వేపాకూ అందరికీ కనబడనీ. నేను ఏ నూనె పోశానో కూడా చెప్పు, దాచకు. తీర్పు ఏమైనా వచ్చి నిలబడతాను.

మిగతా పద్నాలుగూ మొండివి. వాటి కింద ఏముందో నాకు తెలియదు. ఏమీ ఉండకపోవచ్చు. పద్నాలుగు ఇళ్ళవాళ్ళు అదే సంతకి వస్తారు. వాళ్ళ ఎదురుగానే కడుగు. వంటింటి గూట్లో కుంకుడుకాయలున్నాయి, ఇరవై చాలు. గింజలు తీసి గోరువెచ్చటి నీళ్ళలో రసం పిండి, గుడ్డని అందులోనే నానబెట్టు, పైపైన తోమితే అవి పోవు. గట్టిగా రుద్దకు, పోగులు విడిపోతాయి. అవీ ఎవరో ఒకరి ఇంటి మగ్గం మీదివే.

తిరిగొచ్చేటప్పుడు సంతలో ఒక డబ్బా వేరుశనగ నూనె తీసుకురా. ఇంట్లో చుక్క లేదు. ఆముదం అడక్కు, మనకి దండిగా ఉంది.